బెట్టింగ్ కంపెనీ ఉద్యోగం: చేరేముందు నీ పనిని ఏ నంబర్‌తో కొలుస్తారో అడుగు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలు నుంచి బెంగళూరు వచ్చి బెల్లందూర్‌లో పీజీలో ఉంటున్నావు, డేటా అనలిస్ట్‌గా రెండున్నరేళ్ళ అనుభవం, చేతికి వచ్చేది 38 వేలు, అక్క పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి టెలిగ్రామ్‌లో పరిచయమైన హెచ్‌ఆర్ ఇస్తానన్నది, 'తెలుగు వీఐపీ రిలేషన్‌షిప్ ఎగ్జిక్యూటివ్', ఇంటి నుంచే పని, నెలకు 90 వేలు, అందులో సగం యూఎస్‌డీటీలో, అంటే డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెంలో. రెండోది ఒక విదేశీ ఆన్‌లైన్ క్యాసినో కంపెనీకి ఇక్కడ బెంగళూరులో ఉన్న టెక్ ఆఫీసులో అనలిస్ట్, ఏడాదికి 11 లక్షలు. "ఈ ఇండస్ట్రీలో ఫ్యూచర్ ఉందా అన్నా, ఇంట్లో చెప్పుకోగలనా" అని అడిగావు, శుక్రవారం లోపు ఏదో ఒకటి చెప్పాలన్నావు.

మొదటి ఆఫర్ వద్దు. దాని గురించి ఆలోచించే పని కూడా పెట్టుకోకు, ఎందుకో కింద చెప్తాను. రెండోదాని మీద మాత్రం కూర్చుని మాట్లాడుకోవాలి.

నేను 2019 నుంచి 2025 ఆగస్టు దాకా బెంగళూరులోనే ఒక రమ్మీ కంపెనీలో పనిచేశాను. పేరు చెప్పను. మొదటి రెండేళ్ళు కస్టమర్ సపోర్ట్‌లో తెలుగు, కన్నడ కాల్స్ చూశాను, తర్వాత రెండేళ్ళు ఫ్రాడ్, రిస్క్ టీమ్, చివరి రెండేళ్ళు సీఆర్‌ఎం అనలిటిక్స్, అంటే ఏ ప్లేయర్‌కి ఎప్పుడు ఏ బోనస్ మెసేజ్ వెళ్ళాలో నిర్ణయించే టీమ్. మూడు కుర్చీల్లోనూ కూర్చున్నాను కాబట్టి నీకు పనికొచ్చేది ఏదో ఒకటి చెప్పగలననుకుంటున్నాను.

ముందు ఫ్యూచర్ సంగతి. మన దేశంలో ఈ వ్యాపారం చాలావరకు ఒక్క వాదన మీద నిలబడి ఉండేది: రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట, అదృష్టం మీద ఆడే జూదం కాదు. ఆ వాదనకు మూలం మన దగ్గరిదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పేకాట మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవడానికి, పట్టడానికి, పారేయడానికి తెలివి కావాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో కోర్టు చెప్పింది. యాభై ఏళ్ళ తర్వాత బెంగళూరులో కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ ప్రాంతాల్లో లేచిన ఆఫీసులన్నీ ఆ తీర్పును పట్టుకునే లేచాయి. కానీ రాష్ట్రాలు ఊరుకోలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపేశాయి. కర్ణాటక 2021 అక్టోబరులో చట్టం తెస్తే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తమిళనాడుదీ అదే కథ, ఒక చట్టం కొట్టివేస్తే 2022లో ఇంకో చట్టం. మేం ప్రతి ఆరు నెలలకోసారి ఏదో ఒక రాష్ట్రాన్ని యాప్‌లో బ్లాక్ చేయడం, మళ్ళీ తెరవడం, ఇదే పని.

తర్వాత పన్ను. 2023 అక్టోబరు 1 నుంచి ప్లేయర్ వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. అంటే వాడు 100 రూపాయలు వేస్తే 21 రూపాయల 88 పైసలు పన్ను, ఆటకు మిగిలేది 78 రూపాయల 12 పైసలు. ప్లేయర్ పారిపోకుండా ఆ తేడాను చాలా కంపెనీలు బోనస్ పేరుతో తామే భరించాయి. మా జీతాల పెంపు ఆ ఏడాదితో ఆగిపోయింది.

ఇక 2025 ఆగస్టు. 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో బిల్లు పాసైంది, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధం. నడిపినవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్ళు, 50 లక్షలు. డబ్బు లావాదేవీలు చూసినవాళ్ళకు కూడా మూడేళ్ళు, కోటి. ఆడేవాడికి శిక్ష లేదు. ఆ వారంలోనే పెద్ద యాప్‌లన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి. మా ఆఫీసులో అయితే బుధవారం మధ్యాహ్నం లోక్‌సభ లైవ్ చూస్తూ ఎవరూ అన్నానికి లేవలేదు. శుక్రవారం యాప్‌లో డిపాజిట్ బటన్ తీసేశారు, విత్‌డ్రాయల్ మాత్రం ఉంచారు. తర్వాతి రెండు రోజులూ సపోర్ట్‌లో మనుషులు సరిపోక మమ్మల్ని కూడా కూర్చోబెట్టారు, అందరిదీ ఒకటే ప్రశ్న, నా డబ్బులు వస్తాయా అని. ఆ నెలాఖరుకల్లా మా టీమ్‌లో 11 మందిలో 9 మందిమి బయటికి వచ్చాం. నాకు అప్పటికి హోమ్ లోన్ మొదలై ఎనిమిది నెలలు.

ఆ చట్టం మీద కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి, వేర్వేరు హైకోర్టుల్లోని కేసులన్నీ సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. దాన్ని నమ్ముకుని కెరీర్ కట్టుకోకు. నేను చెప్పేది ఒకటే, ఒక్క వారంలో మాయమైపోగల ఉద్యోగం అని తెలిసి చేరు. చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా ఇందులో కాలు పెట్టకు.

కానీ నన్ను ఈ పని మీద ఆలోచనలో పడేసింది చట్టం కాదు, అంతకు చాలా ముందే జరిగిన ఒక ఫోన్ కాల్.

2021 వేసవి. అప్పటికి కర్ణాటకలో ఆట నడుస్తోంది. రాత్రి పదిన్నర ప్రాంతంలో బళ్ళారి నుంచి ఒక కాల్ వచ్చింది. రిజిస్టరైన నంబర్ మగమనిషిది, మాట్లాడుతున్నది ఆయన భార్య, తెలుగులో. "అన్నా, నేను ఫోన్లోంచి తీసేస్తే ఆయన మళ్ళీ ఎక్కించుకుంటున్నాడు. మీ దగ్గరే మూసెయ్యండి" అంది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, ఆయన పక్క గదిలో పడుకున్నాడట. నేను అకౌంట్ తెరిచాను. ఆ రోజు డిపాజిట్లు స్క్రీన్ మీద వరసగా ఉన్నాయి: 500, 500, 1000, 1000, 2000, 2000. తర్వాత రెండు ఫెయిల్. ఆఖరుగా 300. ఆ 300 చూస్తే చాలు, ఆయన బ్యాంకు అకౌంట్‌లో అంతకు మించి ఇక లేదని అర్థమైపోతుంది.

మా రూల్ ఏమిటంటే, అకౌంట్ మూయమని అడగాల్సింది అకౌంట్ ఉన్న మనిషే, అదీ తన ఈమెయిల్ నుంచే. ఆ రూల్‌కి కారణం ఉంది, ఎవరో ఫోన్ చేసి వేరేవాళ్ళ అకౌంట్ మూయించకూడదు కదా. ఆవిడకు అదే చెప్పాను. "ఆయన పెడతాడా అన్నా ఆ మెయిల్?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఫిర్యాదు నమోదు చేసే టికెట్‌లో అంతా వివరంగా రాసి పైకి పంపాను. పొద్దున చూస్తే పాలసీ ప్రకారం సమాధానం ఇచ్చాం అని టికెట్ మూసేశారు.

రెండేళ్ళ తర్వాత సీఆర్‌ఎం టీమ్‌లోకి వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. మా డ్యాష్‌బోర్డులో 'రిస్క్‌లో ఉన్న ప్లేయర్లు' అని ఒక లిస్టు ఉండేది. మొదటి రోజు నేను అది డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ళ లిస్టు అనుకున్నాను. కాదు. ఆట మానేసే ప్రమాదం ఉన్నవాళ్ళ లిస్టు. ఏడు రోజులు లాగిన్ కాకపోతే ఒక బోనస్, పద్నాలుగు రోజులైతే ఇంకాస్త పెద్ద బోనస్, ఆటోమేటిక్‌గా వెళ్ళిపోతుంది. ఆ బళ్ళారి మనిషి ఏదో ఒక వారం పట్టుదలగా ఆపుకుని ఉంటే, ఎనిమిదో రోజు పొద్దున ఆయన ఫోన్‌కి 'మీ కోసం 200 రూపాయలు ఎదురుచూస్తున్నాయి' అని మెసేజ్ వెళ్ళి ఉంటుంది. ఆ మెసేజ్ ఎవరికి వెళ్ళాలో ఏరే క్వెరీలు రెండేళ్ళు నేనే రాశాను. నా అప్రైజల్ నంబర్ అదే, వెనక్కి వచ్చినవాళ్ళ శాతం. ఆ నంబర్ బాగా పెరిగిన క్వార్టర్‌లో నాకు అవార్డు ఇచ్చారు.

అక్కడ అందరూ చెడ్డవాళ్ళని నేను చెప్పట్లేదు. మా టీమ్ లీడ్ అంత మంచి మనిషిని నేను తర్వాత చూడలేదు, మా అమ్మకు ఆపరేషన్ అయితే తనే వచ్చి రక్తం ఇచ్చాడు. సరదాగా నెలకు 100 పెట్టి ఆడి పడుకునేవాళ్ళే లెక్కకు ఎక్కువ, అదీ నిజమే. కానీ కంపెనీ ఆదాయంలో పెద్ద భాగం ఆ 100 రూపాయలవాళ్ళ దగ్గర నుంచి రాదు. కొద్దిమంది దగ్గర నుంచి వస్తుంది, వాళ్ళల్లో ఆగలేనివాళ్ళు ఉంటారు. మంచివాళ్ళు కూర్చుని, మంచి జీతాలు తీసుకుని, ఆ కొద్దిమంది మానేయకుండా చూడటమే పని అయినప్పుడు మనిషి మంచితనం ఆ పనిని మార్చలేదు. అందుకే నేను నీకు చెప్పేది, కంపెనీ ఏది, లైసెన్స్ ఏది అన్నవాటికంటే ముందు నీ కుర్చీకి ఏ నంబర్ తగిలిస్తారో తెలుసుకో.

ఈ లెక్క ఎక్కడైనా ఇంతే. యూరప్ రూలెట్ చక్రంలో 37 గళ్ళు ఉంటాయి, ఒక గడి మీద పెట్టి గెలిస్తే పెట్టిన డబ్బు వెనక్కిచ్చి, దానిపైన 35 రెట్లు ఇస్తారు. ఆ తేడా వల్ల పెట్టిన ప్రతి 100లో సగటున 2 రూపాయల 70 పైసలు క్యాసినోకే మిగులుతుంది. అమెరికా చక్రంలో 38 గళ్ళు, అక్కడ 5 రూపాయల 26 పైసలు. రమ్మీలో అయితే ఎవరు గెలిచినా ప్రతి ఆట మీదా కంపెనీ కమిషన్ కంపెనీకి పడుతుంది. అంటే లాభం లెక్కలోనే కుదిరిపోయి ఉంది, దానికోసం నీలాంటి అనలిస్ట్ అక్కర్లేదు. చక్రం ఎన్నిసార్లు తిరిగితే అంత. కాబట్టి ఎక్కువసార్లు తిరగడానికే అనలిస్టులను పెట్టుకుంటారు. ఇంటర్వ్యూలో రిటెన్షన్ (వదిలిపోకుండా ఉంచడం), రీయాక్టివేషన్ (మానేసినవాళ్ళను వెనక్కి తేవడం), లైఫ్‌టైమ్ వేల్యూ (ఒక్కో ప్లేయర్ మొత్తం మీద తెచ్చే డబ్బు) అని వినిపిస్తే అదే ఇది.

ఇక మొదటి ఆఫర్. తెలుగు వీఐపీ ఎగ్జిక్యూటివ్ అంటే, మన తెలుగువాళ్ళల్లో ఎక్కువ పోగొట్టుకుంటున్నవాళ్ళకు వాట్సాప్‌లో "అన్నా బాగున్నారా, ఈరోజు మ్యాచ్‌కి స్పెషల్ బోనస్ పెట్టాను" అని రోజూ పలకరించడం. నువ్వు చేసేది అదొక్కటే. 2025 చట్టం ఆట నడిపినవాళ్ళతో ఆగలేదు, సాయం చేయడం, ప్రేరేపించడం కూడా అందులో ఉంది, సర్వర్ విదేశంలో ఉన్నా ఇక్కడివాళ్ళకు అందిస్తే వర్తిస్తుంది. కంపెనీ ఏ విదేశీ దీవుల్లోనో ఉంటుంది, కన్నడ పోలీసులకైనా తెలుగు పోలీసులకైనా దొరికేది బెల్లందూర్ పీజీలో ఉన్న నువ్వు. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో యూట్యూబర్ల మీద, సినిమావాళ్ళ మీద కేసులు పెట్టారు, చూశావు కదా. వాళ్ళకు లాయర్లను పెట్టుకునే స్తోమత ఉంది.

సగం జీతం యూఎస్‌డీటీలో అంటే ఆ సగానికి జీతం, పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఉండదు, పీఎఫ్ ఉండదు, రేపు లోన్‌కి వెళ్తే చూపించడానికి కాగితం ఉండదు. ఇంకో ప్రమాదం నీకు వాళ్ళు చెప్పరు. రెండు నెలలయ్యాక "నీ అకౌంట్‌లోకి ప్లేయర్ల డిపాజిట్లు వేయిస్తాం, కమిషన్ తీసుకో" అంటారు. ఎక్కడో ఒకడు డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు వెళ్ళిన ప్రతి అకౌంటూ వరసగా ఫ్రీజ్ అవుతుంది, నీ జీతం అకౌంట్‌తో సహా. రిస్క్ టీమ్‌లో ఉన్నప్పుడు ఇలాంటి కుర్రాళ్ళ కాల్స్ తీసుకున్నాను, కాలేజీ పిల్లలు, అద్దెకు అకౌంట్ ఇచ్చి ఇరుక్కున్నవాళ్ళు. ట్రైనింగ్ కోసం కంబోడియానో ఇంకెక్కడికో రమ్మంటే మాత్రం అసలు కదలకు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్ళను కంబోడియా పంపి, పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు.

రెండో ఆఫర్ వేరు. విదేశీ లైసెన్సుతో, విదేశీ ప్లేయర్లకు నడిచే కంపెనీల టెక్ ఆఫీసులు బెంగళూరులోనే కాదు, హైదరాబాద్‌లోనూ చాలాకాలంగా ఉన్నాయి. అక్కడ పీఎఫ్ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, పని కూడా గట్టిగా నేర్పుతారు. లైసెన్స్ ఎక్కడిదన్నదాన్ని బట్టి కూడా పని మారిపోతుంది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వరు. అదే ఏడాది మార్చి ఆఖరు నుంచి, అక్కడ ఒక మనిషి తనను ఆడనివ్వొద్దని ఒక్కచోట పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ వాడిని ఆపి తీరాలి. 2025లో ఆన్‌లైన్ స్లాట్స్‌లో ఒక్క తిప్పుకు 5 పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్ళవాళ్ళకు 2 పౌండ్లు దాటకూడదని కట్టడి పెట్టారు. ఇలాంటి చోట కంపెనీకి ప్రమాదంలో ఉన్న ప్లేయర్‌ని కనిపెట్టే అనలిస్ట్ నిజంగా కావాలి, లేకపోతే జరిమానా పడుతుంది. మా దగ్గర 'బాధ్యతాయుతమైన ఆట' టీమ్ అంటే ఇద్దరు మనుషులు, ఒక పోస్టర్.

కుర్చీల విషయానికొస్తే, ఫ్రాడ్, రిస్క్, పేమెంట్స్, కేవైసీ, మనీ లాండరింగ్ చెక్ చేసే పని దొరికితే కళ్ళకద్దుకుని తీసుకో. ఆన్‌లైన్ రమ్మీలో ఆరుగురు కూర్చున్న టేబుల్లో ముగ్గురు ఒకే పీజీ వైఫై మీద ఉన్నారు, ఒకడికి కావాల్సిన ముక్కలే మిగతా ఇద్దరూ పారేస్తున్నారు, దాన్ని డేటాలో ఎలా పట్టుకోవాలి? నేను ఉద్యోగం పోయాక 14 ఇంటర్వ్యూలకు వెళ్తే, పని ఇప్పించింది ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గరున్న సమాధానమే. ఇప్పుడు పేమెంట్స్ కంపెనీలో ఫ్రాడ్ టీమ్‌లో ఉన్నాను. సీఆర్‌ఎంలో చేసినదాని గురించి మాత్రం మూడు చోట్ల మొహం మీదే అడిగారు, మనుషుల్ని వెనక్కి లాగే బోనస్‌లు డిజైన్ చేశావా అని. అబద్ధం చెప్పలేదు, ఆ మూడూ రాలేదు. బ్యాకెండ్ వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు, లక్షల మంది ఒకేసారి ఆడే సిస్టమ్ నడిపినవాళ్ళను ఎవరైనా తీసుకుంటారు. ఈ-స్పోర్ట్స్, డబ్బు లేని ఆటల వైపు కూడా చూడు, కొత్త చట్టం వాటిని ప్రోత్సహిస్తానంటోంది, కాకపోతే జీతాలు ఇంత ఉండవు.

ఇంట్లో చెప్పుకోగలనా అన్నావు. నేను ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ అనే చెప్పాను. మాది మార్కాపురం దగ్గర. మా ఊళ్ళో పేకాట శిబిరం మీద పోలీసులు పడితే మా నాన్న రెండు రోజులు ఆ మాటే మాట్లాడేవాడు, ఎవరి ఎకరం ఎవరి చేతికి పోయిందో ఆయనకు తెలుసు. ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు "మీ కంపెనీ ఏం అమ్ముద్దిరా" అని అడిగాడు. గేమ్స్ అన్నాను. పిల్లల ఆటలా అన్నాడు. అవునన్నాను. నాన్న పోయి రెండేళ్ళవుతోంది, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నీకు ఇచ్చే పని మీ నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పగలిగేదైతే చేరు.

ఇంకో మాట, నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. ఇక్కడ చేరినవాళ్ళు ఆట మొదలుపెట్టడం నేను చూశాను, 'ప్రొడక్ట్ తెలుసుకోవాలి కదా' అని. ఒకతను పీఎఫ్ దాకా పోగొట్టుకున్నాడు. నీకు గానీ పీజీలో ఎవరికైనా గానీ ఆ అలవాటు ఉంటే, బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014 నుంచి ఫోన్, ఆన్‌లైన్ వ్యసనాల కోసం షట్ క్లినిక్ ఉంది, ఫోన్‌లోనైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

గురువారం లోపు ఆ రెండో కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. ఫోన్‌లో అడగకు, మెయిల్‌లోనే అడుగు. మీ ఆటలు ఏ దేశాలవాళ్ళకు అందిస్తారు, భారత్‌లో ఏ ప్లేయర్‌కీ అందించట్లేదని రాసివ్వగలరా, లైసెన్స్ నంబర్ ఎంత. బ్రిటన్, మాల్టా లైసెన్సులైతే వాళ్ళ రెగ్యులేటర్ల వెబ్‌సైట్లలో పేరు కొట్టి నువ్వే చూసుకోవచ్చు. తర్వాత, ఈ పోస్టుకి అప్రైజల్‌లో కొలిచే నంబర్ ఏమిటి. ఆఖరుగా, ఒక ప్లేయర్ హద్దు దాటుతున్నాడని నేను గుర్తిస్తే ఎవరికి చెప్పాలి, వాళ్ళు ఎన్ని గంటల్లో ఏం చేస్తారు. ఈ ఆఖరి ప్రశ్నకు వాళ్ళు ఇచ్చే జవాబు పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను. అప్పటిదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు.